చవక దయ్యాల కొంప: కొబ్బరితోటల తీరాన చీకటి వ్యాపారం

డబ్బు చెల్లించి మరీ భయాన్ని కొనుక్కునే వినోదాలు ప్రపంచంలో అనేకం ఉన్నప్పటికీ, వాటిలో అతి తక్కువ పెట్టుబడితో నిలబడేది సంతలలోను, ఎగ్జిబిషన్లలోను కొద్దికాలంపాటు వెలిసే చిన్న దయ్యాల కొంప. తెలుగు పట్టణాల ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్‌కు, మృత్యుబావికి పక్కన ‘భూత్ బంగ్లా’ అనే బోర్డుతో కనిపించేది ఇదే. మలేషియాలో దీనిని ‘రుమా హంతు’ అంటారు, రుమా అంటే ఇల్లు, హంతు అంటే దయ్యం. ఇనుప గొట్టాల చట్రానికి నల్లగుడ్డ, టార్పాలిన్, ప్లైవుడ్ పలకలు బిగించి, లోపల వంకరటింకర నడవ ఒకటి ఏర్పరచి, రెండు మూడు రంగు బల్బులు, ఒక పొగయంత్రం, ఒక లౌడ్‌స్పీకరు, రబ్బరు ముసుగులు తొడుక్కున్న నలుగురైదుగురు కుర్రవాళ్ళు ఉంటే ఈ వ్యాపారానికి సరిపోతుంది. భారీ వ్యయంతో కట్టిన వినోదవనాల భవనాల ముందు ఇది నాసిరకంగానే కనిపిస్తుంది. అయినా లోపలికి వెళ్ళినవారు కేకలు పెడుతూనే బయటికి వస్తారు. ఆ కేకలకు కావలసిన ముడిసరుకులో అధికభాగాన్ని టికెట్టు కొన్నవారే తమ బుర్రలలో మోసుకొని వస్తారన్న సంగతి గ్రహిస్తే, ఇంత చవక సరంజామా ఎందుకు పనిచేస్తుందో, ఎలాంటి ఊళ్ళో మరింత బాగా పనిచేస్తుందో కూడా బోధపడుతుంది.

అలాంటి ముడిసరుకు సమృద్ధిగా ఉన్న ప్రాంతాలలో మలేషియా పశ్చిమతీరంలోని బాగన్ దాతుక్ ఒకటి. పెరాక్ రాష్ట్రంలో, పెరాక్ నదికీ బెర్నమ్ నదికీ నడుమ, మలక్కా జలసంధి ఒడ్డున పరచుకున్న ఈ పల్లపు నేల చాలాకాలం హిలిర్ పెరాక్, అంటే దిగువ పెరాక్ జిల్లాలో భాగంగా ఉండి, 2017లో ప్రత్యేక జిల్లా అయింది. సముద్రపు పోటును ఆపడానికి కట్టలు కట్టి, నీరు తీయడానికి కాలువలు తవ్వి, మడ అడవుల బురదనేలను సాగులోకి తెచ్చిన వలసపాలన నాటి తోటల యజమానులు ఇక్కడ పెద్దఎత్తున కొబ్బరి నాటించారు. పామాయిల్ తోటలు ఎంతగా విస్తరించినా, మలేషియాలో కొబ్బరి అనగానే గుర్తుకు వచ్చే పేరు ఇప్పటికీ బాగన్ దాతుక్‌దే. ఆ తోటలలో పనికి ఉత్తరాంధ్ర తీరం నుంచి, గోదావరి, గంజాం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కూలీల వారసులు ఈ దిగువ పెరాక్ తీరంలో చెప్పుకోదగిన సంఖ్యలో స్థిరపడ్డారు. తోటలోని మేస్త్రీయే స్వగ్రామానికి వెళ్ళి తనవాళ్ళను కూడగట్టుకొని వచ్చే ‘కంగాణీ’ పద్ధతిలో ఈ వలసలు చాలావరకు సాగాయి గనుక, మనుషులతోపాటు ఊరి దేవతలూ, ఊరి దయ్యాలూ కూడా ఓడ ఎక్కాయని చెప్పవచ్చు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను నిలిపివేసింది. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడి, తరువాతి కాలంలో మలేషియా తెలుగు సంఘంగా మారింది.

తోటల జీవితాన్ని ఎరిగినవారికి అక్కడి చీకటి ఎలాంటిదో విడమరచి చెప్పనక్కరలేదు. బారులు తీరిన కూలిలైన్లు, అంటే ఒకే కప్పు కింద గదులు గదులుగా కట్టిన కార్మికుల ఇళ్ళు, ఒకచోట గుంపుగా ఉండగా, వాటి చుట్టూ మైళ్ళకొద్దీ చెట్లు, చెట్ల మధ్య కాలువలు, కాలువల చివర మడ అడవులు ఉండేవి. విద్యుత్తు గ్రామాలకు విస్తరించక పూర్వం చాలా తోటలలో డీజిల్ జెనరేటరు రాత్రి ఒక వేళకు ఆగిపోయేది. ఆ తరువాత మిగిలేది ఎండు కొబ్బరిమట్ట నేలరాలిన చప్పుడు, నీటిలో ఏదో కదిలిన అలికిడి, పెద్దలు చెప్పే కథలు. తెలుగు ఇళ్ళలో కొరివిదయ్యం, బ్రహ్మరాక్షసి, గాలి సోకడం, చిల్లంగి పెట్టడం వంటి మాటలు వినిపిస్తే, పక్కనున్న తమిళ ఇళ్ళలో తోట సరిహద్దులను కాపాడే మునీశ్వరుని గురించీ, మలయ్ కాంపాంగులలో, అంటే పల్లెలలో, అరటిచెట్టును ఆశ్రయించుకొని ఉండే పొంతియానాక్ గురించీ, చైనావారి అంగళ్ళ వీధిలో ఏడవ చాంద్రమాసంలో భూమిమీదికి తిరిగివచ్చే ఆకలి ప్రేతాల గురించీ చెప్పుకునేవారు. ప్రసవసమయంలో మరణించిన స్త్రీ పొంతియానాక్ అవుతుందని, ఆమె మెడ వెనుక మేకు దిగగొడితే అందమైన మనిషిగా మారి ఉండిపోతుందని మలయ్ జానపదుల నమ్మకం. పెనంగ్గలాన్ అనేది మొండెం విడిచి పేగులు వేలాడుతుండగా రాత్రి ఎగిరే తల. తొయోల్ యజమాని కోసం డబ్బు దొంగిలించి తెచ్చే పిల్లదయ్యం. పొచోంగ్ తలమీద ముడివేసిన శవవస్త్రంలోనే గెంతుతూ తిరిగే ప్రేతం. ఆకలి ప్రేతాల మాసంలో చైనావారు వీధులలో వేదికలు కట్టించి పాటకచేరీలు పెట్టినప్పుడు ముందు వరుస కుర్చీలను కనిపించని అతిథుల కోసం ఖాళీగా వదిలిపెట్టే ఆచారం నేటికీ ఉంది. ఇన్ని భాషల దయ్యాలు ఇంత చిన్న జాగాలో సర్దుకొని బతకడం అరుదైన విషయమే.

చవక దయ్యాల కొంపను నడిపేవానికి ఈ పరిస్థితి పెట్టని పెట్టుబడి. తెల్లగుడ్డ ఒకటి మనిషికి చుట్టి తలమీద ముడివేస్తే పొచోంగ్ తయారవుతుంది. పొడవాటి విగ్గు, పాత తెల్లగౌను చాలు, పొంతియానాక్ ఎవరో ప్రేక్షకునికి పరిచయం చేయనక్కరలేదు. అమెరికాలో వలె కొత్త రాక్షసుణ్ణి సృష్టించి, వానికి ఒక కథ కల్పించి, ఆ కథను గోడలమీద చిత్రాలతో వివరించవలసిన పని ఇక్కడ ఉండదు. ముసుగు కుట్టు ఎంత వికారంగా ఊడిపోతున్నా, దానిని చూసినవాడు చిన్ననాడు విన్న కథతో ఆ చిరుగును తానే పూడ్చుకుంటాడు. ఇదే ముసుగును ఆ కథ తెలియని యాత్రికునికి చూపిస్తే అతడు నవ్వి ఫొటో తీసుకుంటాడు.

అయితే కథ ఒక్కటే సరిపోదు. లోపలి ఏర్పాటులో ఒక లెక్క ఉంటుంది, ఆ లెక్కలో మొదటి అంకె చీకటి. ప్రకాశంలో నుంచి చీకటిలోకి వచ్చిన మనిషి కంటిలో, మసకవెలుతురులో పనిచేసే రాడ్ కణాలు పూర్తిగా తేరుకోవడానికి సుమారు అరగంట పడుతుంది. దయ్యాల కొంపలోని నడక కొద్దినిమిషాలలో ముగిసిపోతుంది. అంటే, సంతలోని మిరుమిట్లు గొలిపే దీపాల కింద వరుసలో నిలబడి టికెట్టు తీసుకున్నవాడు కొంప దాటి బయటపడేవరకూ దాదాపు గుడ్డివాడే. అతనికంటే ఎంతో ముందు నుంచి లోపల కూర్చున్న కుర్రవానికి మాత్రం అన్నీ కనిపిస్తూ ఉంటాయి. ప్రవేశద్వారానికి పైన అంత కాంతివంతమైన దీపాలు పెట్టడంలో ఆకర్షణ ఎంత ఉన్నదో, ఈ ఉపాయం కూడా అంతే ఉన్నది. మధ్యలో ఒకచోట హఠాత్తుగా వెలిగి ఆరే దీపం పెడితే, అప్పుడప్పుడే తేరుకుంటున్న కన్ను మళ్ళీ మొదటికి వస్తుంది.

రెండవది మలుపులు. చతురస్రాకారపు చిన్న స్థలంలో నడవను పాములా మెలికలు తిప్పితే, అడ్డుగోడకు అటూ ఇటూ ఒకే జాగా రెండుసార్లు ఉపయోగపడుతుంది. ఒకే కుర్రవాడు గోడకున్న రెండు చీలికల నుంచి రెండు వేర్వేరు దయ్యాలుగా పలుకుతాడు. ప్రతి మలుపు దగ్గరా ముందు ఏమున్నదో తెలియదు గనుక, అక్కడ ఏమీ లేకపోయినా భయం పెరుగుతుంది. ఆ మాటకొస్తే ఏమీ లేని మలుపులే ఎక్కువ ఉండాలి. అనుభవం గల నిర్వాహకులు పాటించే మరో నియమం, ముందు నుంచి కాకుండా పక్క నుంచో వెనుక నుంచో భయపెట్టడం. ముందు నుంచి ఉలిక్కిపడినవాడు వెనక్కి పరుగెత్తి తరువాతి జట్టుమీద పడతాడు, వెనుక నుంచి ఉలిక్కిపడినవాడు బయటి ద్వారం వైపే పరుగెత్తుతాడు. జట్టు జట్టుకూ మధ్య కొంత ఎడం ఉంచి పంపడం కూడా ఇందుకే. ముందువాళ్ళ కేకలు వెనుకవాళ్ళకు వినిపించాలి, కానీ వాళ్ళను ఏది భయపెట్టిందో కనిపించకూడదు. జట్టు మధ్యలో దాక్కుంటే క్షేమమని చాలామంది అనుకుంటారు, అది నిజమే, ఎందుకంటే దయ్యాల గురి ఎప్పుడూ మొదటివానిమీద, చివరివానిమీద ఉంటుంది.

మూడవది స్పర్శ, చప్పుడు, వాసన, ఉక్కపోత. మొహానికి తగిలే దారపు పోగులు, కాలికింద మెత్తబడే పరుపుముక్క, హఠాత్తుగా రేకు మీద పడే కర్రదెబ్బ, కంప్రెసరు నుంచి మెడమీదికి వదిలే గాలి, వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న బాగన్ దాతుక్ వంటి తీరంలో టార్పాలిన్ కింద మూసిన గది ఎంత ఉక్కగా ఉంటుందో ఊహించవచ్చు. చెమట పట్టడం, గుండె వేగంగా కొట్టుకోవడం, ఊపిరి బరువెక్కడం భయానికీ ఉక్కకూ ఉమ్మడి లక్షణాలే గనుక, శరీరం రెంటినీ కలిపి భయం ఖాతాలోనే జమకడుతుంది. ఒక కారణంగా కలిగిన శారీరక ఉద్రేకం మరో భావానికి బలం చేకూర్చడాన్ని డాల్ఫ్ జిల్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘ఉద్రేక బదిలీ’గా సిద్ధాంతీకరించాడు. బయటికి వచ్చిన వెంటనే పుట్టే పకపక నవ్వుకు కూడా ఇదే మూలం. లోపల రేగిన ఉద్రేకం చల్లారకముందే ప్రమాదం లేదని తెలిసిపోతుంది, మిగిలిన ఉద్రేకమంతా సంతోషంగా మారుతుంది.

ఈ ఉపాయాలలో ఏదీ నిన్నమొన్నటిది కాదు. లీయేజ్ నగరానికి చెందిన ఎటియెన్ గాస్పార్ రాబర్ట్, రాబర్ట్‌సన్ అనే రంగస్థల నామంతో, 1799లో పారిస్‌లోని పాడుబడిన కపూచిన్ మఠంలో ‘ఫాంటస్మగోరియా’ అనే ప్రదర్శన నడిపాడు. చక్రాలమీద నిలిపిన దీపయంత్రాన్ని తెర వెనుక ముందుకూ వెనక్కూ కదిలిస్తుంటే, తెరమీది ప్రేతం పెద్దదవుతూ ప్రేక్షకులమీదికి దూసుకువచ్చినట్లు కనిపించేది. 1862లో లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో జాన్ హెన్రీ పెప్పర్ ప్రదర్శించిన ‘పెప్పర్ భూతం’ ఇంకా తెలివైనది. రంగస్థలంమీద ఏటవాలుగా నిలిపిన పెద్ద అద్దంలో, ప్రేక్షకులకు కనిపించని గోతిలో వెలుగులో నిలబడిన నటుని ప్రతిబింబం పడి, గాలిలో పారదర్శకంగా తేలుతున్నట్లు తోచేది. హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరు మొదట కనిపెట్టిన పద్ధతిని పెప్పర్ నాటకశాలకు అనువుగా సరళం చేశాడు. జనం నడిచి వెళ్ళే దయ్యాల ఇంటికి మిగిలివున్న తొలి ఉదాహరణలలో ఒకటి ఇంగ్లండులో ఆర్టన్ అండ్ స్పూనర్ అనే సంస్థ 1915లో తయారుచేసినది. ఆవిరియంత్రం బలంతో కదిలే ఈ ఇల్లు లిప్‌హుక్ సమీపంలోని హాలీకూంబ్ ఆవిరియంత్రాల సంగ్రహాలయంలో ఇప్పటికీ ఉంది. అది కూడా సంతల కోసం తయారైనదే. 1930లో బ్లాక్‌పూల్ వినోదవనంలో ‘దయ్యాల రైలు’ మొదలైంది, దానికా పేరు ఆర్నాల్డ్ రిడ్లీ రాసిన ఒక నాటకం నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలో డిస్నీ సంస్థ 1969లో ప్రారంభించిన హాంటెడ్ మాన్షన్‌తో ఈ వినోదానికి ఘనత, భారీ పెట్టుబడి వచ్చి చేరాయి. కాని సంతలోని చవక కొంప ఆ భవనానికి పెద్దక్క వరుస అవుతుందే తప్ప అనుకరణ కాదు.

మలయా ద్వీపకల్పంలో ఈ వినోదం నగరాల వినోదవనాల ద్వారా ప్రవేశించింది. 1920, 30 దశకాలలో సింగపూరులో వెలసిన న్యూ వరల్డ్, గ్రేట్ వరల్డ్ వంటి వనాలలో నాటకాలు, నృత్యశాలలు, కుస్తీపోటీలు, తిండి అంగళ్ళు ఒకేచోట ఉండేవి. గ్రేట్ వరల్డ్‌లో పిల్లల ఆటలతోపాటు దయ్యాల రైలు కూడా ఉండేది. ఆ వనాలు మూతపడిన తరువాత ఆ ఆటలు ఊరూరా తిరిగే చిన్న సంతలకు మిగిలాయి. వాటితోపాటు సినిమా ఇచ్చిన సాయాన్ని కూడా గుర్తించాలి. భారతదేశం నుంచి వెళ్ళిన బి.ఎన్.రావు దర్శకత్వంలో, సింగపూరులోని కాథే కెరిస్ సంస్థ 1957లో తీసిన ‘పొంతియానాక్’ చిత్రంలో మరియా మెనాడో ఆ పాత్ర ధరించింది; చిత్రం ఘనవిజయం పొందడంతో వెంటనే మరో రెండు భాగాలు వచ్చాయి. తెల్లబట్ట, విరబోసిన జుట్టు ఉన్న పొంతియానాక్ రూపం జనం మనస్సులో స్థిరపడడంలో ఆ చిత్రాలకు పాత్ర ఉన్నది గనుక, నేటి సంతలోని నాసిరకం విగ్గు కూడా ఒక విధంగా ఆ సినిమాలకు రుణపడి ఉన్నదనవచ్చు. తెలుగునాట వారపత్రికల సీరియళ్ళ కాలంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ద్వారా కాష్మోరా అనే పేరు ఇంటింటా దడ పుట్టించిన వైనం గుర్తున్నవారికి, ముద్రణ, తెర కలిసి ఒక దయ్యానికి ఎంత ప్రచారం చేయగలవో తెలిసిన విషయమే.

దయ్యాల పేరుమీద సందర్శకులను ఆకర్షించే స్థలాలలో మరో రకం కూడా పెరాక్‌లోనే ఉంది, దానిని పక్కన పెట్టి చూస్తే సంతలోని కొంప ప్రత్యేకత స్పష్టమవుతుంది. బాతు గజా సమీపంలోని కెల్లీస్ కాజిల్ అసంపూర్ణంగా మిగిలిన ఒక భవంతి. స్కాట్లండు నుంచి వచ్చి రబ్బరుతోటలతో సంపన్నుడైన విలియం కెల్లీ స్మిత్ 1915లో దీని నిర్మాణాన్ని ఆరంభించి, పనికి మద్రాసు నుంచి డెబ్బై మంది పనివారిని రప్పించాడు. ఆరంతస్తుల గోపురం, అందులో మలయాకు అప్పటికి కొత్తదైన లిఫ్టు ఉండాలని తలపోశాడు. స్పానిష్ ఫ్లూ వ్యాపించి పనివారిలో పలువురు మరణించినప్పుడు, వారి కోరికమీద దగ్గరలోనే మారియమ్మన్ ఆలయం కట్టించాడు, ఆ గుడి కప్పుమీది విగ్రహాలలో సూటూ టోపీ ధరించిన దొరగారి బొమ్మ ఒకటి నేటికీ కనిపిస్తుంది. 1926లో కెల్లీ లిస్బన్‌లో న్యుమోనియాతో మరణించగా, కుటుంబం ఆస్తిని అమ్ముకొని వెళ్ళిపోయింది; పూర్తికాని గదులు, రహస్య సొరంగాల గురించిన కథలు, యజమాని నీడ వరండాలో తిరుగుతుందన్న వదంతి మాత్రం మిగిలాయి. ఇక్కడ భయపెట్టడానికి ముసుగు మనుషులు అక్కరలేదు, చరిత్రే ఆ పని చేస్తుంది. సంతలోని కొంపకు చరిత్ర లేదు. నిన్నటిదాకా ఫుట్‌బాల్ ఆడిన మైదానంలో ఈ సాయంత్రం లేచిన గుడ్డగోడ అది. కెల్లీ భవంతిలో మరణాలు నిజం, దయ్యాలు వదంతి. సంతలో రెండూ వేషమే, అయినా అరుపులు మాత్రం సంతలోనే ఎక్కువ.

దీనికి కారణాన్ని ఇటీవలి పరిశోధనలు కొంతవరకు వివరించాయి. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో మథియాస్ క్లాసెన్, మార్క్ మాల్మ్‌డోర్ఫ్ ఆండర్సన్ తదితరులు, వినోదం కోసం కోరి తెచ్చుకునే భయాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేస్తున్నారు. వారు వేయిలే పట్టణంలోని ఒక దయ్యాల కొంపలో 110 మంది సందర్శకులకు గుండెవేగాన్ని కొలిచే పరికరాలు అమర్చి, వారి ముఖకవళికలను కెమెరాలతో గమనించి, 2020లో ఫలితాలను ప్రకటించారు. భయం మరీ తక్కువైతే విసుగు, మరీ ఎక్కువైతే బాధ; ఆనందం ఆ రెంటి నడుమ ఎక్కడో ఉంటుందని, దానిని గీతగా గీస్తే తలక్రిందులైన గిన్నె ఆకారంలో వస్తుందని వారు తేల్చారు. అంతకుముందు అమెరికాలో మార్గీ కెర్ అనే సామాజిక శాస్త్రవేత్త పిట్స్‌బర్గ్‌లోని ఒక దయ్యాల కొంపకు వచ్చిన 262 మందిని లోపలికి వెళ్ళకముందూ, వచ్చిన తరువాతా ప్రశ్నించగా, సుమారు సగం మంది తమ మనఃస్థితి మెరుగుపడిందని చెప్పారు. ఇటువంటి ఆనందాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ కారం తినే అలవాటుతో పోల్చాడు. నాలుక మండుతున్నా ప్రమాదం లేదని మెదడుకు తెలుసు గనుక ఆ మంటే రుచి అవుతుంది. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ గంజి తాగిన వంశాలవారికి ఈ సిద్ధాంతం కొత్తగా వివరించవలసింది కాదు.

తలక్రిందులైన గిన్నె సిద్ధాంతాన్ని చవక కొంపకు అన్వయిస్తే ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. భారీ ఖర్చుతో, నిజమేననిపించే శవాలతో, రక్తంతో నిండిన గదులు చాలామందిని గీత అవతలి కొసకు, అంటే బాధలోకి నెట్టగలవు. కుట్టు ఊడిన ముసుగు, చెప్పులు కనిపిస్తున్న పొచోంగ్ అందుకు అవకాశమివ్వవు. ఉలిక్కిపడిన మరుక్షణమే ఆ చెప్పులు కనిపించి నవ్వు పుడుతుంది. చిన్నపిల్లలను చంకనెత్తుకొని, తాతలను వెంటబెట్టుకొని వచ్చే కుటుంబాలకు ఈ లోపమే అనుకూలం. ఒక ఊరిలో ఈ వ్యాపారం ఎక్కువకాలం సాగకపోవడానికి కూడా ఇలాంటిదే కారణం. ఏ మలుపులో ఎవరు దాక్కున్నారో తెలిసిన తరువాత భయం ఉండదు. చిన్న ఊళ్ళలో ముసుగు వెనుక ఎవరి కొడుకు ఉన్నాడో కూడా రెండు మూడు రాత్రులకే తెలిసిపోతుంది, మూడవ రాత్రి దయ్యాన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తయారవుతారు.

ఈ వినోదంపై అభ్యంతరాలు లేకపోలేదు. 2006లో షా ఆలమ్‌లోని సెలంగోర్ రాష్ట్ర మ్యూజియంలో దయ్యాలు, జిన్నులు, శవపేటికల మీద ఏర్పాటైన ప్రదర్శనకు జనం విరగబడి వచ్చారు. తరువాత నెగెరి సెంబిలాన్ రాష్ట్ర మ్యూజియం అలాంటిదే నిర్వహించగా, 2007లో మలేషియా జాతీయ ఫత్వా మండలి, అంటే ముస్లిముల మతవిషయాలలో నిర్ణయాలు ప్రకటించే పండితుల సభ, అటువంటి ప్రదర్శనలు విశ్వాసానికి హాని చేస్తాయని, అవి నిషిద్ధమని ప్రకటించింది. ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటి ఉంది. మ్యూజియం అద్దాల పెట్టెలో పెట్టి ‘ఇది తొయోల్’ అని చీటీ అంటించినప్పుడు, ఆ వస్తువు నిజమన్న సూచన ఇస్తున్నట్లే. సంతలోని కొంప అటువంటి ప్రమాణం ఏదీ చేయదు. అయినప్పటికీ, సున్నితమైన మతచిహ్నాలను, శ్మశానాల నిజమైన వస్తువులను, దేవతల రూపాలను వాడకుండా ఉండడం నిర్వాహకులకు శ్రేయస్కరం. తెలుగు, తమిళ తోటల సంస్కృతిలో దేవతకూ దయ్యానికీ మధ్య గీత మిక్కిలి సన్నం. ఒకరికి ముసుగు అయినది మరొకరికి ఎల్లమ్మ కావచ్చు.

ఖర్చు తగ్గించడం ఎంత చాతుర్యంగా జరిగినా, తగ్గించకూడని చోటు ఒకటి ఉంది. 1979 జూన్ 9న సిడ్నీలోని లూనా పార్కులో దయ్యాల రైలు అగ్నికి ఆహుతై ఆరుగురు పిల్లలు, ఒక పెద్దవ్యక్తి మరణించారు. 1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ వినోదవనంలో ‘హాంటెడ్ కాజిల్’ తగలబడి ఎనిమిదిమంది కౌమారవయస్కులు చనిపోయారు. ఆ రెండవ నిర్మాణం ఎలాంటిదో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పేరుకు కోట అయినా అది లారీల వెనుక తగిలించే ట్రెయిలర్ పెట్టెలను ఒకదానికొకటి జోడించి చేసిన తాత్కాలిక ఏర్పాటు. నీటిని చిమ్మి మంటలార్పే స్ప్రింక్లర్లు అందులో లేవు. దీపాలు సరిగా లేని చోట దారి వెదకడానికి ఒక కుర్రవాడు వెలిగించిన లైటరు గోడకు అతికించిన నురగపరుపుకు అంటుకున్నది. ఆ సంఘటన తరువాతనే అమెరికా అగ్నిభద్రతా నియమాలలో, కావాలనే దారి తికమకపెట్టే ఇటువంటి వినోదనిర్మాణాలకు ప్రత్యేక వర్గం ఏర్పరచి, స్ప్రింక్లర్లు, పొగను పసిగట్టే పరికరాలు, ప్రమాదం రాగానే మామూలు దీపాలు వెలిగి దారి చూపే ఏర్పాటు తప్పనిసరి చేశారు. 1938లో మొదలైన హైదరాబాదు నుమాయిష్‌లో 2019 జనవరి 30 రాత్రి చెలరేగిన మంటలు గుడ్డ, కర్ర, ప్లాస్టిక్‌తో కట్టిన అంగళ్ళను ఎంత వేగంగా దహించగలవో తెలుగువారు కళ్ళారా చూశారు.

చిన్న కొంపలో ఈ ప్రమాదానికి కావలసినవన్నీ కుదురుకొని ఉంటాయి. నల్లగుడ్డ, ఎండిన కొబ్బరిమట్టలు, వేలాడే ప్లాస్టిక్ దారాలు, నేలమీద తొక్కుడుపడే విద్యుత్ తీగలు, తాత్కాలిక జెనరేటరు, ఒకే ప్రవేశం, ఒకే నిష్క్రమణ, కావాలనే కల్పించిన అయోమయం ఒక్కచోట చేరతాయి. పొగయంత్రం వదిలే పొగ మధ్య నిజమైన పొగను గుర్తుపట్టడం కష్టం. స్థానిక మండలి అనుమతి ఉన్నదా, మలేషియాలో బొంబా అని పిలిచే అగ్నిమాపకశాఖ పరిశీలన జరిగిందా అన్నది నిర్వాహకుని బాధ్యత అయినా, సందర్శకుడు తనకు తానుగా చూసుకోగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. గుడ్డగోడ కావడం ఒక విధంగా అదృష్టమే, అవసరమైతే దానిని ఎత్తి బయటపడవచ్చు; అదే ప్లైవుడ్‌కు తాళం వేసి ఉంటే ఆ వీలుండదు. ద్వారం దగ్గర నిప్పునార్పే సిలిండరు కనిపించకపోతే, లోపలివారందరినీ ఒక్క మాటతో బయటికి రప్పించగల మనిషి ద్వారం దగ్గర లేకపోతే, టికెట్టు ఎంత చవకైనా వెనుదిరగడం మంచిది. లోపల వెలుతురు కోసం అగ్గిపుల్ల గీయరాదు, సిగరెట్టు వెలిగించరాదు అని చెప్పవలసిన అవసరం 1984 తరువాత ఉండకూడదు, కాని ఇప్పటికీ ఉంది.

మిగిలినవి సుఖదుఃఖాలకు సంబంధించినవి. వేగంగా వెలిగి ఆరే దీపాలు మూర్ఛవ్యాధి ఉన్నవారికి హాని చేయగలవు. గుండెజబ్బు ఉన్నవారు, గర్భవతులు, ఉబ్బసం ఉన్నవారు ఆ పొగలోకి వెళ్ళకపోవడం మేలు. దయ్యం వేషగాడు సందర్శకుని తాకకూడదు, సందర్శకుడు కూడా వేషగాణ్ణి కొట్టకూడదు. హఠాత్తుగా ఉలిక్కిపడినవాని చెయ్యి తనకు తెలియకుండానే లేస్తుంది గనుక, ముసుగు తొడుక్కున్న కుర్రవాళ్ళు ఈ వృత్తిలో ఎక్కువగా తినేది చెంపదెబ్బలే. ఏది నిజమో ఏది వేషమో ఇంకా స్పష్టంగా వేరుచేసుకోలేని పసిపిల్లలకు తలక్రిందులైన గిన్నె సిద్ధాంతం వర్తించదు. వాళ్ళకు కలిగేది పెద్దలు ‘దడుపు’ అని పిలిచే భయం, రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేచే రకం. అటువంటి పిల్లలకు దిష్టి తీసి, ఉప్పూ మిరపకాయలూ నిప్పులో వేసే అమ్మమ్మలను చదువుకున్నవారు నవ్వులాటకు తీసుకోవచ్చు గాని, జరిగినదానికి ఒక ముగింపు ఉన్నదని పిల్లవానికి చూపించే తంతుగా దానికి విలువ లేకపోలేదు. భయాన్ని తగ్గించుకోదలచిన పెద్దల విషయంలో మాత్రం డెన్మార్క్ పరిశోధకులు ఒక ఊరట చెప్పారు. 280 మందిని తమ భయాన్ని వీలైనంత పెంచుకోవడానికో, తగ్గించుకోవడానికో ప్రయత్నించమని కోరి, వారు ఎంచుకున్న ఉపాయాలను పరిశీలించినప్పుడు, కళ్ళు మూసుకున్నవారు, పక్కవారి చొక్కా పట్టుకొని నడిచినవారు, ‘ఇదంతా నాటకం’ అని తమకు తాము చెప్పుకున్నవారు కూడా ధైర్యంగా ఎదుర్కొన్నవారితో సమానంగానే తృప్తి చెందారు. కాబట్టి కొంపలోకి వెళ్ళి, కళ్ళు మూసుకొని, ఆంజనేయ దండకం చదువుకుంటూ బయటికి వచ్చినవానికి టికెట్టు డబ్బు వృథా అయినట్లు కాదు.